రేగుకంప వేసిన ఇళ్ళు

గణాంక శాఖలో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని అనుభవం ఒకటి చెప్పండి" అంటారు. వరదలో పడవెక్కి వెళ్ళి సర్వే చేశాననో, చలిజ్వరంతో కూడా లెక్క పూర్తి చేశాననో చెబుతానని వాళ్ళ ఆశ. అలాంటివి నా దగ్గర లేవు. ఒక ఊరిని ఫోన్‌లోనే ఖాళీ చేసిన కథ మాత్రం ఉంది. చేసింది నేనే. మా ఇంటి వరండాలో నిలబడి, చేతిలో టీ గ్లాసు పట్టుకొని చేశాను.

ముందు నా నివాసం సంగతి చెప్పాలి, ఎందుకంటే గొడవంతా దాని దగ్గరే తేలింది. నా చివరి పోస్టింగు అడవి అంచున ఉన్న ఒక మండలంలో, మండల గణాంక అధికారిగా. మండలం పేరు చెప్పను. తప్పు దానిది కాదు. అధికారి పనిచేసే చోటే ఉండాలని రూలు. మా ఇల్లేమో ఖమ్మం అంచున ఖానాపురం హవేలిలో. భార్య అక్కడే బడిలో టీచరు. పొద్దున్నే షేర్ ఆటో, తరువాత బస్సు, కొత్తగూడెంలో ఇంకో బస్సు. సాయంత్రం అదే వరస, వెనక నుంచి ముందుకు. రూలు కోసం మండల కేంద్రంలో ఒక గది కిరాయికి తీసుకున్నాను. అందులో ఒక నులక మంచం, ఒక బకెట్, నీలం రంగు తలుపుకు ఒక పెద్ద ఇత్తడి తాళం. ఆ మంచం మీద నేను పడుకున్న రోజులు చేతివేళ్ళతో లెక్కపెట్టవచ్చు. నేనొక్కణ్ణే కాదు, మా తోటి ఉద్యోగుల్లో చాలామందికి ఇలాంటి ఒక తాళం ఉండేది. దాని గురించి ఎవరమూ మాట్లాడుకునేవాళ్ళం కాదు.

ఆ ఏడు ఒక సర్వే వచ్చింది. మండలం నుంచి ఎవరు బయటికి పోతున్నారు, ఎవరు లోపలికి వస్తున్నారు, మనుషులతో పాటు ఆదాయం ఎటు పోతోంది అన్నది తేల్చాలట. ఉద్దేశం మంచిదే. నాకు కూడా ఉత్సాహం వచ్చింది. ఎందుకంటే మా ఖానాపురం హవేలి వీధిలో సగం ఇళ్ళు బొగ్గుగనుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళవి. పినపాక వైపు, మణుగూరు వైపు ఊళ్ళ నుంచి వచ్చి ఇక్కడ మేడలు కట్టుకున్నారు. సంపాదన అక్కడిది, పింఛను ఖర్చు ఇక్కడ. సొంత ఊళ్ళలో వాళ్ళ పెంకుటిళ్ళకు తాళాలు వేలాడుతూ ఉంటాయి. ఇలాంటివన్నీ లెక్కలోకి వస్తాయి కదా అనుకున్నాను.

లెక్క కాగితం మీద కాదు, ఫోన్ యాప్‌లో. ప్రతి ఇంటికీ మూడు బటన్లు. మనుషులు ఉంటే 'నివాసం ఉంది'. తాళం ఉంటే తాళం ఫొటో తీసి, పక్కింటివాళ్ళను అడిగి వివరాలు ఎక్కిస్తే 'తాత్కాలికంగా లేరు'. వాళ్ళను ఆ ఊరివాళ్ళుగానే లెక్క కడుతుంది. ఈ రెండూ కాకపోతే 'ఖాళీ ఇల్లు'. శిక్షణ రోజున వెనక వరసలోంచి ఎవరో, "తాళమే వేసుకోని ఊళ్ళల్ల ఎట్ల సార్?" అని అడిగారు. శిక్షకుడు, భోజనాల తరువాత మాట్లాడుకుందాం అన్నాడు. భోజనంలో కోడికూర బాగా కుదిరింది. తరువాత మళ్ళీ ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

మా మండలంలో వాగు అవతల ఒక కోయగూడెం ఉంది. నలభై దాకా ఇళ్ళు. ఆ ఊరు లెక్క ఒక పంచాయతీ కార్యదర్శికి పడింది. బొగ్గుగని కార్మికుడి కూతురు, చురుకైన మనిషి, మాట కొంచెం కటువు. ఆఖరి రోజు పొద్దున ఆమె ఫోన్ చేసింది. ఆ రోజు నేను బస్సు అందక, ఇంకో బస్సుకు టైముందని ఇంటి వరండాలో టీ తాగుతున్నాను.

"సార్, గూడేనికి వచ్చిన. ఇండ్లన్నిటికీ ముళ్ళకంపలు పెట్టి ఉన్నయ్. మనుషులు లేరు."

"తాళాలున్నయా?"

"తాళాలెక్కడియి సార్. అన్నీ తడికెలే. గొళ్ళెం గూడ లేదు."

"తాళం లేకపోతె ఖాళీయే గదమ్మా. ఖాళీ అని కొట్టు."

"మిర్చి ఏరబోయిండ్రంట సార్. ఒక అవ్వ ఉంది, ఆమె చెప్తున్నది. ఇప్పపువ్వు రాలే యాళ్లకు వస్తరంట."

"ఇప్పపువ్వు అని యాప్‌ల ఏమన్న ఉందా?"

"లేదు సార్."

"మరింకేంది?"

"చిన్నపిల్లలున్నరు సార్, తొమ్మిదిమంది. తల్లిదండ్రులు అవ్వ కాడ ఇడిచిపెట్టి పోయిండ్రు. పగలు అంగన్‌వాడీల తింటరంట, రాత్రి అవ్వ ఇంట్ల పండుకుంటరంట. వీళ్ళను ఏ ఇంటికి రాయాలె? అవ్వకు వీళ్ళు సొంతోళ్ళు కారు."

ఇక్కడ నాకు బుద్ధి రావలసింది. రాలేదు. బస్సు టైమవుతోంది. జిల్లా గ్రూపులో పక్క మండలంవాళ్ళు తమ పని పూర్తయిందని అప్పటికే రెండుసార్లు మెసేజీ పెట్టారు.

"వాళ్ళ ఇండ్లే ఖాళీ అని కొడుతున్నం. ఖాళీ ఇండ్ల పిల్లలెట్లుంటరు? వదిలెయ్. అవ్వ ఇల్లొక్కటి ఎక్కించు. జల్దీ కానియ్యమ్మా, ఇయ్యాల ఆఖరు."

"అవ్ సార్" అంది. ఆ 'అవ్' ఎంత పొడిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రానికి మా మండలం జిల్లాలో ముందు వరుసలో నిలబడింది. గ్రూపులో చప్పట్ల బొమ్మలు, పూలగుత్తుల బొమ్మలు పడ్డాయి. నేను కూడా అందరికీ దండం బొమ్మ పెట్టాను.

నెల తిరక్కుండా ఆ కార్యదర్శి ఒక కాగితం పట్టుకొని ఆఫీసులో నా గదిలోకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. కాగితం నా ముందు పెట్టింది. ఫలానా గూడెంలో నివాసితులు లేనందున అక్కడి అంగన్‌వాడీ కేంద్రాన్ని వాగు ఇవతల ఉన్న పెద్ద ఊరికి తరలిస్తున్నట్టు అందులో ఉంది. ఆధారం కింద మా సర్వే పేరు. ఆ పెద్ద ఊళ్ళో జనాభా బాగా ఉన్నట్టు కూడా రాశారు. ఎందుకు ఉండదు? ఆ ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు ఖమ్మం వెళ్ళి స్థిరపడినవాళ్ళే. తాళాలు మాత్రం ఇక్కడే ఉన్నాయి.

"మీరు వస్తరా సార్, నన్నొక్కదాన్నే పొమ్మంటరా?" అంది.

ఆమె స్కూటీ మీద వాగు దాకా వెళ్ళి, అక్కడి నుంచి నడిచాం. వాగులో అప్పుడు చీలమండల లోతు నీళ్ళు. వానాకాలంలో నడుము దాటుతాయని, నిరుడు ఒక ఎద్దు కొట్టుకుపోయిందని ఆమె చెప్పింది. నేను ఆ మండలంలో చేరి మూడేళ్ళు. ఆ వాగు దాటడం అదే మొదటిసారి. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ ఇది రాయకపోతే మిగతాదంతా రాయడం దండగ.

అంగన్‌వాడీ ముందు తొమ్మిదిమంది పిల్లలు వరసగా కూర్చొని తింటున్నారు. ఒక్కొక్కరి పళ్ళెంలో ఒక గుడ్డు. ఒకడు గుడ్డును చివరికి దాచుకొని, చెయ్యి అడ్డం పెట్టుకొని అన్నం తింటున్నాడు. వండి పెట్టిన టీచరమ్మ రిజిస్టరు రాసుకుంటోంది. పక్కన చీపురు పట్టుకొని ఒక ముసలామె నిలబడి ఉంది. కార్యదర్శి ఫోన్‌లో చెప్పిన అవ్వ ఆమే.

"సారూ, నువ్వేనా మమ్మల్ని లేరని రాసింది?"

"నేను రాయలే అవ్వా. యాప్ ఉంటది, అండ్ల..."

కార్యదర్శి నావైపు చూసింది. నేను వాక్యం పూర్తి చేయలేదు.

అవ్వ చీపురు గోడకు ఆనించి, రమ్మని సైగ చేసి ముందు నడిచింది. మొదటి ఇంటి ముందు ఆగింది. తడికెను తాడుతో కట్టి, దాని ముందు రేగుకంప నిలబెట్టి ఉంది. కంప ఆకులు వాడాయి గానీ కొమ్మకే ఉన్నాయి.

"వీళ్ళు మొన్న అమాసెనక పోయిండ్రు. ఆకు చూడు, ఇంకా ఉంది." ఇంకో ఇంటి ముందు కంపకు ఆకే లేదు, ముళ్ళు మాత్రం ఉన్నాయి. "వీళ్ళు మొదాలు పోయిండ్రు. అత్త గూడ పోయింది, కూలీలు తక్కువైతె పిలిచిండ్రు." ఇంకో ఇంటి కంప పచ్చగా నిగనిగలాడుతోంది. "దీని మీది పాత కంప మేకలు లాగినయ్. నిన్న నేనే కొత్తది ఏసిన."

అలా ఒక్కో గుమ్మం చూపిస్తూ ఎవరు ఎప్పుడు పోయారో, ఎంతమంది పోయారో, ఏ వైపు తోటలకు పోయారో చెప్పుకుంటూ పోయింది. మేం లక్షణమైన యాప్ పెట్టుకొని, శిక్షణ తీసుకొని, కోడికూర తిని సేకరించలేకపోయిన సమాచారమంతా ఆ గుమ్మాల మీద ఉంది. నాకు నా మీదే ఒళ్ళు మండిపోయింది.

ఊరి చివర ఒక ఇంటికి కంప లేదు. "ఇది?" అని అడిగాను.

"వాళ్ళు రారు. పోయినేడే గోదారవతల చుట్టాల కాడికి పోయి ఆడనే ఇల్లేసుకున్నరు."

"కంప లేకపోతె రానట్టేనా?"

అవ్వ నన్ను జాలిగా చూసింది. "రానోడు కంపెందుకేస్తడు సారూ? మేకలు జొరబడొద్దనే గద కంప. ఇల్లు కావాల్నంటేనే ఏస్తరు."

మా యాప్ ఖాళీ అని రాసిన ఇళ్ళన్నిటిలో సరిగ్గా చెప్పింది ఆ ఒక్క ఇంటి గురించే.

తిరిగి అంగన్‌వాడీ దగ్గరికి వచ్చాక అసలు మాట అడిగింది. "ఇది వాగవతలికి పోతే ఈ పోరగాళ్ళనేం జేయాలె? నాకు కండ్లు సరిగ కనపడవు, తొమ్మిదిమందికి మూడు పూటలు వండలేను. ఈడ బువ్వ దొరుకుతదనే తల్లులు నా కాడ ఇడుస్తరు. లేకుంటే ఎంట తీస్కపోతరు. మిర్చి ఘాటుకు చిన్నపోరలు ఆగుతరా?"

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆమె వినలేదు. "నువ్వేడుంటవు సారూ?" అని అడిగింది.

"మండలంలనే అవ్వా."

కార్యదర్శి వాగు దాటి స్కూటీ దగ్గరికి వచ్చాక ఫోన్ తీసి నాకు చూపించింది. మండల కేంద్రంలో ఆమెకే పడిన ఇంకో వీధి లెక్క. నీలం తలుపు, ఇత్తడి తాళం.

"ఇది మీ రూమే గద సార్. ఓనరును అడిగితే, మా సారు ఈడనే ఉంటరు, పని మీద టౌనుకు పోయిండ్రు అని చెప్పిండు. నేనే ఎక్కించిన. తాత్కాలికంగా లేరు, ఒక మనిషి, సర్కారు ఉద్యోగం."

నా జీతం కూడా మండలం ఆదాయంలో చేరిపోయిందన్నమాట. ఆ మండలంలో నేను రోజుకు రెండు టీలు తప్ప ఏమీ కొన్న గుర్తు లేదు. ఆమె ఫోన్ లోపల పెట్టి బండి స్టార్ట్ చేసింది. తిట్టినా బాగుండేది.

ఇక దిద్దుబాటు మొదలుపెట్టాను. కొత్తవాళ్ళు ఈ భాగం శ్రద్ధగా చదవండి, మీకూ తప్పదు. యాప్‌లో మార్చబోతే గడువు ముగిసింది అంది. జిల్లా ఆఫీసుకు రాస్తే, మార్చడానికి ఆధారాలు పంపమన్నారు. కంపల ఫొటోలు పంపాను. ముళ్ళకంప నివాస ఆధారాల జాబితాలో లేదని జవాబు వచ్చింది. అయితే ఏం పంపాలని అడిగాను. సంబంధిత కుటుంబాలను నివాసంలో కలిసి వాళ్ళ వాంగ్మూలం తీసుకోమన్నారు. నివాసంలో లేరు, మిర్చి తోటల్లో ఉన్నారన్నాను. అయితే తోటలున్న మండలంవాళ్ళు రాస్తారన్నారు. ఆ మండలం అధికారికి ఫోన్ చేస్తే, "కూలికొచ్చినోళ్ళు మా నివాసితులు కాదు గదన్నా, మీవాళ్ళే" అన్నాడు. "వాళ్ళు మావాళ్ళే అని పైవాళ్ళను ఒప్పించడానికే గదన్నా నేను తిరిగేది" అని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఆ వారమంతా ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను. చివరికి మా ఆవిడ, "ఆ తోటలెక్కడో కనుక్కొని మీరే పోయి రాయించుకు రండి, మా పానాలు తియ్యకండి" అంది.

కార్యదర్శి అవ్వను అడిగి తోటల ఆనవాలు తెలుసుకొని చెప్పింది. ఆదివారం పొద్దున బయల్దేరాను. పెద్ద ప్రయాణమేమీ కాలేదు. మా వీధి చివర షేర్ ఆటో ఎక్కితే, టీ తాగినంత సేపట్లో తోట గట్టు దగ్గర దిగాను. రోజూ మూడు బండ్లు మారి నేను వాళ్ళ ఊరివైపు పోతున్నాను. వాళ్ళేమో మా ఇంటి వెనకకు వచ్చి పని చేస్తున్నారు. నా మిద్దె మీద నిలబడి చూస్తే ఆ తోటల పచ్చదనం కనిపిస్తుంది. చూసే పని ఎన్నడూ పడలేదు.

పరదాలతో వేసుకున్న గుడిసెల వరుస. కల్లంలో ఎర్రగా పరిచిన కాయలు. దగ్గరికి వెళ్ళగానే గొంతు పట్టేసింది, తుమ్ములు ఆగలేదు. నన్ను చూసి ఆడవాళ్ళు నవ్వారు. ఎందుకొచ్చానో చెప్పాక నవ్వు ఆపారు. ఒకామె కొంగు కింద రెండేళ్ళ పిల్లను పట్టుకొని ఉంది. పిల్ల కళ్ళు వాచి, రెప్పలు అతుక్కొని ఉన్నాయి. చేతులు కళ్ళ దగ్గరికి పోకుండా తల్లి పాత గుడ్డతో రెండు పిడికిళ్ళూ చుట్టి కట్టింది.

"అంగన్‌వాడీ తీసేస్తరని ఎవరో చెప్పిండ్రు సార్" అంది. "అవ్వకు తకలీఫ్ అయితదని దీన్ని మొన్ననే పోయి తీసుకొచ్చిన. వచ్చిన రెండో దినం గిట్లయింది. దవాఖానల చుక్కల మందిచ్చిండ్రు."

అవ్వ దగ్గర నేను చూసిన తొమ్మిదిమందిలో ఆ పిల్ల ఉందా లేదా అని ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. వాళ్ళను నేను లెక్కపెట్టలేదు కదా, గుర్తెలా ఉంటుంది.

అందరి వేలిముద్రలూ తీసుకున్నాను. మొత్తం కట్ట పట్టుకొని జిల్లా సమీక్షా సమావేశానికి వెళ్ళాను. మా జిల్లా అధికారి చెడ్డమనిషి కాదు. కోస్తా వైపు నుంచి వచ్చినవాడు, నెమ్మదిగా మాట్లాడతాడు, కాగితం లేనిదే ఏదీ నమ్మడు. వేలిముద్రల కట్ట తిరగేశాడు.

"ఇవి పనిచేసే చోట తీసుకున్నవండీ. నివాసంలో తీసుకున్నవి కావు."

"నివాసంల కంపలున్నయ్ సార్. ఫొటోలు పంపిన."

"ముళ్ళకంపను రుజువని ఎలా ఒప్పుకుంటామండీ? రేపు ఎవరైనా అడవిలో నాలుగు కంపలు పాతి ఇదొక ఊరంటే?"

"తాళాన్ని ఎట్ల ఒప్పుకున్నం సార్?"

"తాళం వేశాడంటే మనిషి ఉన్నట్టే కదా."

ఆ మాట విన్నాక నాకు విసుగు నెత్తికెక్కింది. ధైర్యం అనుకోకండి. రిటైర్మెంటుకు ఏడాదే ఉంది, బిడ్డ పెళ్ళి అయిపోయింది, నెలన్నరగా ఒక ముళ్ళకంప గురించి వాదించి వాదించి అలసిపోయాను. ఆ పిల్ల పిడికిళ్ళకు కట్టిన గుడ్డలు కూడా కళ్ళ ముందు ఉన్నాయి. కార్యదర్శి దగ్గర తీసుకున్న నీలం తలుపు ఫొటోను కట్టలోంచి తీసి ఆయన బల్ల మీద పెట్టాను.

నా పక్కన కూర్చున్న సహోద్యోగికి అది ఏమిటో అర్థమైంది. బల్ల కింద నా మోకాలు గట్టిగా నొక్కాడు. అతనికీ ఒక తాళం ఉంది.

"ఈ తాళం నాది సార్. ఈ ఇంట్ల ఒక మనిషి ఉన్నట్టు మన లెక్కల ఉంది. ఆ మనిషిని నేనే. నేను ఆడ ఉండను. ఖమ్మంల ఉంటున్న, రోజూ పోయొస్తున్న. వాగవతల నలభై ఇండ్లకు తాళం లేదని ఖాళీగ రాయించింది గూడ నేనే. ఆ కార్యదర్శి అడిగింది, పిల్లలున్నరని చెప్పింది. నేనే వద్దన్న."

హాల్లో చుట్టూ ఉన్నవాళ్ళు తమ ముందున్న కాగితాల్లోకి చూస్తూ కూర్చున్నారు. అధికారి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మీరు ఏం చెబుతున్నారో మీకు తెలుస్తోందా?"

"తెలుస్తుంది సార్."

"రాసిస్తారా?"

"రాసిస్త."

అక్కడే కూర్చొని రాసిచ్చాను. మెమో రెండు రోజుల్లో వచ్చింది. నా సర్వీసు మొత్తంలో ప్రభుత్వం ఇంత చురుగ్గా పని చేయడం నేను ఇంకెప్పుడూ చూడలేదు. అంగన్‌వాడీ తరలింపును ఆపిన ఉత్తర్వు మాత్రం మూడు వారాలకు వచ్చింది. అప్పటికి ఇప్పపువ్వు రాలుతోంది, గూడెం అంతా ఇళ్ళకు తిరిగొచ్చింది. కార్యదర్శి మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి మనుషులను ఎక్కించింది. కేంద్రం కదలలేదు. నేను ఒక ఇంక్రిమెంటు పోగొట్టుకున్నాను. అధికారులందరూ పొద్దున పదింటికల్లా మండల కేంద్రం నుంచి ఫొటో పంపాలని కొత్త రూలు వచ్చింది, దానితో చాలా నెలలు తోటివాళ్ళెవరూ నాతో కలిసి టీ తాగలేదు. అది నాకు మెమో కన్నా ఎక్కువ బాధ పెట్టింది.

కథ ఇక్కడ ముగిస్తే నేను కాస్త గొప్పవాడిలా కనిపిస్తాను. కానీ మా శాఖ ఊరుకోలేదు. ఇలాంటి ఇబ్బంది మళ్ళీ రాకూడదని ఒక పరిష్కారం కనిపెట్టింది. యాప్‌లో ఇంకో బటన్ పెట్టడం కాదు. గూడెంలో ప్రతి ఇంటికీ ఒక తాళం పంచిపెట్టడం.

ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివి, కళ్ళు మూసుకొని కుర్చీలో వెనక్కి వాలాను. కార్యదర్శి తాళాల సంచీ స్కూటీ ముందు పెట్టుకొని వాగు దాటింది. పంపిణీకి నేనూ వెళ్ళాను. తడికెకు తాళం ఎక్కడ వేస్తారు? ఇనుప తీగ చుట్టి దానికి తగిలించారు. తాళంచెవి పోతుందని అదే తీగకు కట్టారు. ఒకాయన మేకల దొడ్డికి వేశాడు. అవ్వ తన తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీగకు తగిలించి, ముందు ఎప్పటిలాగే రేగుకంప నిలబెట్టింది.

"తాళం ఉంది గద అవ్వా, మళ్ళ కంపెందుకు?" అన్నాను.

"తాళం మీకు సారూ. కంప మేకలకు."

మరుసటి ఏడు మిర్చి కాలంలో మళ్ళీ సర్వే. నా రిటైర్మెంటుకు నెల కూడా లేదు. ఈసారి ఎవరూ పిలవకుండానే కార్యదర్శి వెంట వెళ్ళాను. ఇళ్ళన్నిటికీ తాళం, కంప. యాప్ ఏ గొడవా చేయలేదు, వరసగా 'తాత్కాలికంగా లేరు' అని పచ్చగా చూపిస్తూ పోయింది. అంగన్‌వాడీలో పిల్లలు తింటున్నారు. వాళ్ళ పక్కన ఇంకొకామె ఉంది, ముసలిది కాదు, ఒక కాలు ఈడుస్తూ నడుస్తోంది. అవ్వ ఏదని అడిగాను. వానల్లో జ్వరమొచ్చి కాలం చేసిందని చెప్పింది.

అవ్వ ఇంటి ముందుకు వెళ్ళాం. తీగకు తాళం అలాగే వేలాడుతోంది, చెవి దాని పక్కనే. కంప లేదు. తడికె కింద సందు చేసుకొని రెండు మేకలు లోపల పడుకొని ఉన్నాయి. మమ్మల్ని చూసి ఒకటి లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

"సార్, ఏం కొట్టాలె?" అంది కార్యదర్శి. ఆమె గొంతులో కటువు లేదు.

"చనిపోయింది అని లేదా?"

"ఇంట్ల ఇంకొకరుంటేనే ఆ బటన్ వస్తది సార్. ఒక్కరే ఉన్న ఇంటికి రాదు. తాళముంది కాబట్టి తాత్కాలికంగా లేరనే చూపిస్తున్నది. తాళం తీస్తే ఖాళీ అంటది. తియ్యాల్నా?"

ఆమె చెయ్యి తీగ దాకా పోయి ఆగింది. తీయమని చెప్పడం నా ఉద్యోగం. సరైన లెక్క కూడా అదే. కానీ ఆ ఊరిని ఒకసారి లేదని రాయించినవాణ్ణి. రెండోసారి నోరు రాలేదు.

"ఉండనియ్యమ్మా" అన్నాను.

ఆమె తాళం ఫొటో తీసింది.

నేను రిటైరై గది ఖాళీ చేశాను. ఇత్తడి తాళం బాగుందని, వచ్చే అధికారికి పనికొస్తుందని ఓనరు దాన్ని తలుపుకే ఉంచుకున్నాడు. మొన్న కార్యదర్శి ఫోన్ చేసి, కొత్త జాబితా వచ్చిందని, అందులో నీలం తలుపు ఇంట్లో నా పేరు అట్లాగే ఉందని నవ్వింది. అవ్వ పేరు ఉందా అని అడిగాను. ఉందంది. ఆ మండలం లెక్కలో మేమిద్దరం ఇంకా నివాసితులమే. పని మీద బయటికి వెళ్ళాం, తిరిగి వస్తాం.